"ఈ ఒక్కసారికి ఏమవుతుంది?"

వీగన్‌గా, అంటే జంతువుల నుంచి వచ్చేవి వీలైనంత వరకు వాడకుండా, బతకడంలో కష్టమంతా తిండి దగ్గరే ఉంటుందని బయటి నుంచి చూసేవాళ్లు అనుకుంటారు. నిజానికి తిండి తొందరగానే సర్దుకుంటుంది. పాలు, గుడ్లు, మాంసం లేకుండా కడుపునిండా ఎలా వండుకోవాలో కొన్ని నెలల్లో చేతికి అలవాటైపోతుంది. ప్యాకెట్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవడమూ అంతే. ఎన్నేళ్లయినా పూర్తిగా సర్దుకోనిది ఒకటుంది. పదిమంది మధ్య కూర్చుని "నాకు వద్దండీ" అనడం.

ఆ మాట అనగానే ఎవరూ కొట్లాటకు రారు. చాలాసార్లు వాదన కూడా ఉండదు. "ఈ ఒక్కసారికి ఏమవుతుంది?" అని ప్రేమగానే అంటారు. మనల్ని తమలో కలుపుకోవాలనే అంటారు. అందుకే ఆ మాటకు ఎదురు నిలబడటం కష్టం. తిట్టినవాడికి జవాబు చెప్పొచ్చు. చెయ్యి పట్టుకుని బతిమాలుతున్న మనిషిని కాదనడానికి నోరు రాదు.

అయినా కాదనాలన్నదే నా మాట. ఆ ఒక్కసారికి ఒప్పుకుంటే జంతువుల విషయంలో మనకు మనం చెప్పుకున్న మాట పోతుంది. దానికి బదులుగా ఆ మనిషితో సంబంధమైనా బాగుపడుతుందా అంటే అదీ లేదు, అక్కడ కొత్త చిక్కు మొదలవుతుంది. మొదటి సంగతి అందరూ చెబుతారు. రెండోదాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు కాబట్టి దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ముందు ఆ "ఒక్కసారి"లో ఏముందో చూద్దాం. ఆవు ఊరికే పాలివ్వదు. తొమ్మిది నెలలు మోసి దూడను కంటేనే పాలు వస్తాయి. పాలు ఆగకుండా ఉండాలంటే దాన్ని మళ్లీ మళ్లీ చూడి కట్టిస్తూ ఉండాలి. పెద్ద పెద్ద డైరీ ఫారాల్లో దూడను పుట్టిన కొద్ది గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో తల్లి దగ్గర్నుంచి తీసేస్తారు. మగదూడ పాలివ్వదు కాబట్టి దాన్ని పెంచి లాభం లేదు. ఇరవై ఏళ్ల దాకా బతకగలిగిన ఆవు, ఇలాంటి ఫారాల్లో, దిగుబడి తగ్గిందని ఐదారేళ్లకే కబేళాకు పోతుంది. గుడ్ల వెనక కథ ఇంకా చిన్నది. గుడ్ల కోసం పెంచే కోళ్లలో పుంజులు గుడ్లు పెట్టవు, మాంసానికి సరిపడా త్వరగా ఎదగవు. అందుకని గుడ్డులోంచి బయటికొచ్చిన రోజే వాటిని చంపేస్తారు. ప్రపంచమంతా కలిపి ఇలా పోయే కోడిపిల్లలు ఏటా దాదాపు 700 కోట్లని అంచనా. జర్మనీ 2022 జనవరి నుంచి ఈ పద్ధతిని చట్టం చేసి మరీ ఆపించింది. ఒక ప్రభుత్వం పూనుకుని ఆపించాల్సి వచ్చిందంటే, వీగన్లు గోరంతలు కొండంతలు చేస్తున్నారని అనడానికి లేదు.

"మాంసం కాదుగా, పాలే కదా" అన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఇదంతా. ఇది తెలిశాక, మొహమాటం కోసం కాసేపు తెలియనట్టు ఉండటం నావల్ల కాదు.

ఈ "మరీ అంత అవసరమా" అనే ఒత్తిడి మాంసం తినేవాళ్ల నుంచే వస్తుందనుకుంటే పొరపాటు. 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కొందరు అప్పటికే శాకాహారులు. పాలు, గుడ్లు కూడా మానేసిన తమ లాంటివాళ్ల కోసం శాకాహార సంఘం పత్రికలో కాస్త చోటివ్వమని అడిగారు. సంఘం ఒప్పుకోలేదు. ఆ ఏడాది నవంబరులో వాళ్లు విడిగా వీగన్ సొసైటీ పెట్టుకున్నారు. యుద్ధం నడుస్తోంది, తిండి రేషన్‌లో దొరుకుతోంది, సొంతవాళ్లే పక్కకు జరగమన్నారు. అంతకంటే కష్టమైన కాలం ఇంకేముంటుంది? వాట్సన్ ఆ తర్వాత అరవై ఏళ్లు అదే దారిలో నడిచి, 2005లో 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇంకా వెనక్కి వెళితే సిరియాలో అల్ మఅర్రీ అనే కవి కనిపిస్తాడు. 973లో పుట్టి 1057లో పోయాడు. చిన్నతనంలోనే మశూచి వచ్చి చూపు పోయింది. ఆయన మాంసంతో పాటు పాలు, గుడ్లు, తేనె కూడా మానేశాడు. పాలు ఏ పిల్లల కోసం పుట్టాయో ఆ పిల్లలకే చెందాలని, తేనె తేనెటీగలు తమ కోసం దాచుకున్నదని ఆయన వాదన. మరి ఊరుకున్నారా? అల్ ముఅయ్యద్ అనే మతాచార్యుడు "ఎందుకు మానేశావు, కారణం చెప్పు" అని ఉత్తరాలు రాశాడు. ఆ ముసలి కవి జీవులపై జాలి గురించి చెప్పాడు. తన రాబడి తక్కువని కూడా ఒక కారణంగా చూపాడు. ఈ రెండో కారణం చదివినప్పుడు నాకు మనసు కలుక్కుమంది. ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా వదిలేస్తారని మనమూ ఇలాంటి కారణాలే వెతుక్కుంటాం. "డాక్టర్ వద్దన్నాడు", "నాకు పడదు", "ఇవాళ కడుపు బాలేదు". వెయ్యేళ్లు గడిచినా అదే ప్రశ్న, అదే తప్పించుకునే దారి.

ఆ దారిన వెళ్లొద్దని నా సలహా. "పడదు" అని చెబితే ఆ పూట గడుస్తుంది. కానీ వచ్చే నెల వాళ్లు మన ఆరోగ్యం గురించి అడుగుతారు, మాత్రలు సూచిస్తారు, "కొంచెం కొంచెం అలవాటు చేసుకో" అంటారు. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఏడాది పొడవునా నటించాలి. "నేను వీగన్, జంతువుల కోసం మానేశాను" అని ఒక్క వాక్యం చెప్పేస్తే మొదటి పది సెకన్లు ఇబ్బందిగా ఉంటుంది. ఆ తర్వాత దాచుకోవాల్సింది ఏమీ మిగలదు.

ఆ పది సెకన్లు ఎందుకంత బరువుగా ఉంటాయో సాలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త 1950లలో చేసిన ప్రయోగాలు చదివితే అర్థమవుతుంది. ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దేనికి సమానమో చెప్పమంటారు. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగే జవాబు. అయితే గదిలో ఒక్కరు తప్ప మిగతా అందరూ ఆష్ మనుషులే. వాళ్లు కూడబలుక్కుని తప్పు జవాబు చెబుతారు. అలాంటి సందర్భాల్లో ఆ ఒక్కరు ఇచ్చిన జవాబుల్లో దాదాపు మూడో వంతు గుంపును అనుసరించి తప్పు చెప్పినవే. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా గుంపు మాటకు తలూపారు. కళ్లెదుట కనబడుతున్న గీత విషయంలోనే మనిషి ఇంత తడబడితే, కళ్లకు కనబడని దూడ విషయంలో ఎంత తడబడాలి?

నాకు అంతకంటే ముఖ్యమనిపించింది ఆ ప్రయోగంలోని ఇంకో భాగం. గదిలో ఇంకొక్కరు, ఒకే ఒక్కరు, సరైన జవాబు చెబితే చాలు. ఆ తలూపడం ముందున్నదానిలో దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. ఆ తోడు మధ్యలో దూరమైతే మళ్లీ పెరిగింది. అంటే ఒత్తిడి బలమంతా జనం ఎక్కువగా ఉండటంలో లేదు, ఎవరూ వేరుగా మాట్లాడకపోవడంలో ఉంది.

దీన్ని నేను కళ్లారా చూశాను. ఆఫీసులో ఒక సహోద్యోగి పుట్టినరోజు. కేక్ తనే కోసి, పేపర్ ప్లేట్లలో పెట్టి, ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి ఇస్తోంది. నా దగ్గరికొచ్చి ప్లేటు చాపి, "నీ కోసం పెద్ద ముక్క తెచ్చాను" అంది. చుట్టూ పదిమంది దాకా ఉన్నారు, మాటలు ఆగిపోయాయి. "చాలా సంతోషం, కేక్ మాత్రం నేను తినను, నేను వీగన్ కదా" అన్నాను. "అబ్బా, నా పుట్టినరోజు కదా, ఈ ఒక్కసారికి ఏమవుతుంది?" అంది. ఆ ముఖంలో కోపం లేదు, చిన్నబోవడం ఉంది. అదే భరించడం కష్టం. ప్లేటు నేనే అందుకుని పక్కనున్న ఆయనకు ఇచ్చాను. అక్కడి నుంచి జారుకోకుండా తన పక్కనే నిలబడి, ఫొటోలో కూడా ఉండి, సాయంత్రం ఏం చేస్తున్నారో అడిగాను. ఒకట్రెండు నిమిషాల్లో అందరూ మామూలైపోయారు.

కొన్ని రోజులకు వేరే టీములో కొత్తగా చేరిన ఒకబ్బాయి లిఫ్ట్ దగ్గర ఆగి, "మీరేనా ఆ రోజు కేక్ వద్దన్నది?" అని అడిగాడు. తను ఇంట్లో పాలూ గుడ్లూ ముట్టడు. ఆఫీసులో మాత్రం అందరూ ఏమనుకుంటారోనని తినేస్తున్నాడట. తిని వచ్చిన రోజు రాత్రి తన మీద తనకే చిరాకుగా ఉంటుందన్నాడు. ఆ మూల ఎక్కడో నిలబడి ఆ అబ్బాయి నా జవాబు కోసం చూస్తున్నాడని ఆ రోజు నాకు తెలియదు. నేను ఆ ముక్క తినేసి ఉంటే, ఇక్కడ ఇలాంటివాళ్లు ఎవరూ లేరనుకుని ఇంకా ముడుచుకుపోయేవాడు.

ఇది ఒక్క అబ్బాయి సంగతి కాదు. ఇప్పుడు ఫానలిటిక్స్ అని పిలుస్తున్న పరిశోధన సంస్థ 2014లో అమెరికాలో 11,000 మందికి పైగా పెద్దవాళ్లను అడిగి ఒక సర్వే వెలువరించింది. శాకాహారంలోకో వీగన్ తిండిలోకో వచ్చినవాళ్లలో 84 శాతం మంది తర్వాత వదిలేశారని అందులో తేలింది. వదిలేసినవాళ్లలో 63 శాతం మంది తమ తిండి వల్ల నలుగురిలో వేరుగా కనబడటం నచ్చలేదన్నారు. నమ్మకం చచ్చిపోయి వెళ్లినవాళ్లకంటే, ఒంటరితనం తట్టుకోలేక వెళ్లినవాళ్లే నాకు ఆ అంకెలో ఎక్కువగా కనబడతారు. వాళ్లను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. నలుగురితో కలవాలనే కోరిక ఆకలంత నిజమైనది. దాన్ని చులకన చేసి మాట్లాడే వీగన్లంటే నాకు కోపం.

ఇప్పుడు అవతలి వాదన సంగతి. తెలివైన మిత్రులు ఇలా అంటారు: "కేక్ కొనడం ఎప్పుడో అయిపోయింది. నువ్వు తిన్నా తినకపోయినా ఏ ఆవుకూ ఒరిగేదేమీ లేదు. ఒక మనిషి మనసు మాత్రం నొచ్చుకుంటుంది. లెక్క వేసుకుంటే తినడమే మంచిది కదా?" ఇది గట్టి వాదనే. దీన్ని పక్కకు తోసేయకూడదు.

ఆ ముక్క వరకే చూస్తే వాళ్లన్నది నిజం. కానీ ఎవరూ ఒక్క ముక్క వరకే బతకరు. వచ్చే ఏడాది ఎంత కేక్ తేవాలో, ఏ రకం తేవాలో ఈ ఏడాది ఎవరెవరు తిన్నారో చూసే నిర్ణయిస్తారు. అది చిన్న సంగతి. అసలు సంగతి ఇది: ఒకరి దగ్గర తిని ఇంకొకరి దగ్గర మానేస్తే, ఆ రెండోవాళ్లకు అది అవమానం. "వాళ్లింట్లో తిన్నావట, మా ఇంట్లో తినవా?" ఈ ప్రశ్నకు జవాబు లేదు. మినహాయింపు ఒక్కసారి ఇచ్చామంటే, ఇక ప్రతి ఇంటివాళ్లకూ మన దగ్గర తమ విలువ ఎంతో తేల్చే పరీక్ష పెట్టినట్టే. ఎవరి ప్రేమకు కరుగుతాం, ఎవరి ప్రేమకు కరగం అని వాళ్లు లెక్కలు వేస్తారు. వేయక ఏం చేస్తారు, ఆ తలుపు తెరిచింది మనమే కదా. ఎక్కడా తిననివాళ్లు వద్దంటే ఎవరికీ బాధ ఉండదు. అది తమ గురించి కాదని అందరికీ తెలుసు. మొదట్లో నా వద్దుకు నొచ్చుకున్నవాళ్లలో చాలామంది ఇప్పుడు నేను రాకముందే "వీళ్లకి వేరే పెట్టండి" అని చెబుతున్నారు. నేను అప్పుడప్పుడు జారి ఉంటే అంత ఓపికగా చెప్పేవాళ్లా? చెప్పరు. "ఈసారి ఏ మూడ్‌లో ఉన్నారో" అనుకుని ఊరుకుంటారు.

అందుకే ఎప్పుడూ ఒకేలా ఉండటమే ఎదుటివాళ్లకు మనం చేయగల మర్యాద అంటాను.

ఇంట్లో ఇదంతా ఇంకా మెత్తగా, ఇంకా కష్టంగా ఉంటుంది. "నా చేత్తో చేసింది కూడా తినవా?" అని అమ్మ అన్నప్పుడు ఏ సిద్ధాంతమూ నోట్లోంచి రాదు. నేను చాలా ఆలోచించి గ్రహించింది ఏమిటంటే, అమ్మకు కావాల్సింది నేను పాలు తాగడం కాదు, తన చేతి వంట తినడం. ఆ రెంటినీ విడదీయాలి. "వెన్న బదులు నూనె వెయ్యమ్మా, ఇంకేమీ మార్చక్కర్లేదు" అని వంట మొదలుకాకముందే పక్కన నిలబడి చెప్పాలి, కూరగాయలు తరిగి ఇవ్వాలి. అంతా వండి వడ్డించాక కంచం ముందు కూర్చుని వద్దంటే అది ఆమె కష్టాన్ని కాదన్నట్టే అవుతుంది. చెప్పాల్సిన సమయం కంచం దగ్గర కాదు, పొయ్యి వెలిగించకముందు. ఎవరింటికైనా భోజనానికి వెళుతున్నా ఇంతే. ముందురోజే ఫోన్ చేసి చెప్పడం, నాకు సరిపడేది ఒకటి నేనే తెస్తానని అనడం, తెచ్చినది అందరికీ సరిపోయేంత తేవడం.

అమ్మకు ఇంకో భయం ఉంటుంది, నీరసించిపోతానని. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. బి12 విటమిన్‌ను తయారుచేసేది బాక్టీరియా. మొక్కల నుంచి వచ్చే మామూలు తిండిలో అది నమ్మదగ్గంత దొరకదు. కాబట్టి వీగన్లు మాత్ర వేసుకోవాలి, లేదా అది కలిపిన ఆహారం క్రమం తప్పకుండా తినాలి. వీగన్ సొసైటీయే రోజుకు కనీసం 10 మైక్రోగ్రాములో వారానికి 2,000 మైక్రోగ్రాములో తీసుకోమని చెబుతుంది. ఇందులో మొహమాటపడటానికి ఏమీ లేదు. రక్తపరీక్ష చేయించుకుని ఆ కాగితం ఇంట్లో చూపిస్తే, పది ఉపన్యాసాల కంటే అమ్మకు టెన్షన్ ఎక్కువ తగ్గుతుంది.

మరి పట్టుదల ఎంతవరకు? వీగన్ సొసైటీ ఇచ్చుకున్న నిర్వచనంలోనే సాధ్యమైనంత వరకు, ఆచరించగలిగినంత వరకు అని ఉంది. చాలా మాత్రల్లో పాల నుంచి తీసే లాక్టోజ్ ఉంటుంది, చాలా క్యాప్సూళ్ల పైపొర జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్‌తో చేస్తారు. డాక్టర్ రాసిస్తే వేసుకోవాలి, అందులో రెండో ఆలోచన ఉండకూడదు. వీగన్ అవ్వకముందు కొన్న తోలు చెప్పులు అరిగేదాకా వాడుకుంటే ఏ జంతువుకూ కొత్తగా హాని లేదు. హోటల్లో ఒకసారి అడిగి, లేదన్నాక నమ్మి తినొచ్చు, వంటగదిలోకి వెళ్లి గిన్నెలు తనిఖీ చేయక్కర్లేదు. చేతిలో లేనివాటికి నన్ను నేను శిక్షించుకోను. అయితే మొహమాటం అసాధ్యం కిందకు రాదు. నలుగురూ చూస్తున్నారనేది ఇబ్బందే, కానీ వద్దనడానికి నోరుంది, చెయ్యి వెనక్కి తీసుకోవడానికి శక్తుంది. ఈ గీత నాకు చాలా స్పష్టంగా కనబడుతుంది.

వద్దనడం వేరు, బోధించడం వేరు. జూలియా మిన్సన్, బెన్వా మోనిన్ 2012లో ప్రచురించిన ఒక పరిశోధనలో మాంసం తినేవాళ్లను, శాకాహారులు అనగానే మనసుకు తట్టే మాటలు రాయమన్నారు. దాదాపు సగం మంది ఏదో ఒక చెడ్డమాట రాశారు. తమను శాకాహారులు తక్కువగా చూస్తారని ఎంత అనుకుంటే అంత చెడ్డగా రాశారు. అంటే మనం నోరు తెరవకముందే ఎదుటి మనిషి తన మీద తీర్పు పడిందనుకుంటున్నారు. ఆ వెటకారాల వెనక ఉన్నది ఈ గుచ్చుకోవడమే. ఇది తెలిశాక వెటకారాలు నన్ను మునుపటిలా బాధపెట్టడం లేదు. తినే చోట నేను అంకెలు చెప్పను. ఎవరైనా తర్వాత తీరిగ్గా అడిగితే మాత్రం చెబుతాను. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన పూర్, నెమెచెక్‌ల అధ్యయనం ప్రకారం ప్రపంచ వ్యవసాయ భూమిలో 83 శాతం మాంసం, పాలు, గుడ్లు, చేపల పెంపకం వంటివాటికే పోతోందని, వాటి నుంచి మనకు అందే కేలరీలు 18 శాతమేనని. అడిగిన మనిషి వినడానికి సిద్ధంగా ఉంటారు. అడగని మనిషి ప్లేటు ముందు ఈ లెక్క పెడితే అది దెబ్బలా తగులుతుంది.

కొందరు దీన్ని ఫ్యాషన్ అంటారు. 2020 జనవరిలో బ్రిటన్‌లో ఒక ఉద్యోగ ట్రిబ్యునల్, నైతిక కారణాలతో పాటించే వీగనిజం అక్కడి సమానత్వ చట్టం రక్షణ పొందదగ్గ తాత్విక విశ్వాసమేనని తేల్చింది. నాకు చట్టం అండ కావాలని కాదు ఇది చెప్పడం. మన ఎదుట కూర్చున్న మనిషి వద్దన్నప్పుడు అది నాలుక రుచికి సంబంధించింది కాదని, లోపల ఎంతో బరువు మోస్తున్న మాటని గుర్తించడానికి.

వీగన్లు కాని మిత్రులను నేను అడిగేది చాలా కొంచెం. మీతో కూర్చున్నవాళ్లు ఒకసారి వద్దంటే రెండోసారి బతిమాలకండి. ఎందుకు తినరో అందరిముందూ వివరించమనకండి. "పాపం, ఇక్కడ నీకేమీ లేదే" అని జాలిపడకండి, మేము వచ్చింది మీ కోసం, తిండి కోసమే కాదు. నిజంగా తెలుసుకోవాలనిపిస్తే భోజనాలయ్యాక, ఇంటికి నడిచి వెళ్లేటప్పుడు అడగండి. ఎంతసేపైనా చెబుతాను, మీరు ఒప్పుకోకపోయినా సరే.